శీతకాలపు చిత్రకారిణి: మోజెస్ మామ్మ

సేద్యము చేయువారికి తీరిక యనునది తాము కోరినపుడు దొరకునది కాదు. ఋతువు దయచేసినపుడు దొరకునది. మన రైతునకు నూర్పిళ్లు ముగిసి ధాన్యము గాదెలకు చేరిన పిమ్మట, ఎండలు ముదురు కాలమున నాలుగు దినములు నడుము వాల్చుటకు వీలు చిక్కును. అమెరికా సంయుక్త రాష్ట్రముల యీశాన్య భాగమున నట్లు కాదు. అచ్చట తీరికను తెచ్చునది మంచు. న్యూయార్కు రాష్ట్రమునకును వెర్మాంటు రాష్ట్రమునకును సరిహద్దున నున్న కొండపల్లెలలో డిసెంబరు మొదలు మార్చి వరకు నేల రాతివలె గడ్డకట్టి నాగలికి లొంగదు. పశువులకు మేత వేయుట, పాలు పితుకుట, పొయ్యిలోనికి కట్టెలు చేర్చుట తప్ప వెలుపల పని యంతగా నుండదు. ఆ నెలలలో మగవారు పనిముట్లు బాగుచేసికొనుచు, ఆడువారు బొంతలు కుట్టుచు, ఉన్ని యల్లుచు నింటిపట్టున కాలము గడుపుట పూర్వపు టాచారము. అట్టి పల్లెలలో నొకటియైన ఈగిల్ బ్రిడ్జిలో, అట్టి తీరికలో, డెబ్బదియైదేండ్లు దాటిన యొక రైతు వితంతువు కుంచె పట్టి, నూట యొకటవ యేట కన్నుమూయు లోపల పదునైదు వందలకు మించిన చిత్రములను వ్రాసెను. ఆమె పేరు అన్నా మేరీ రాబర్ట్‌సన్ మోజెస్. లోకము పిలిచిన పేరు మోజెస్ మామ్మ.

ఈమెను గూర్చి వ్రాసినవారిలో పెక్కుమంది ఆమె వయస్సును చూచి యాశ్చర్యపడి యంతటితో నాగిపోయిరి. అంత ముదిమిలో నంత పని చేయుట వింతయే. కాని మాకు తోచినంతవరకు ఆమె చరిత్రమున ముఖ్యముగ విచారింపదగిన విషయము వయస్సు కాదు, పురమాయింపు. ఆమె చిత్రములలో ననేకము లెవరో యొకరు అడుగగా వ్రాసినవి. "మా యింటి కొకటి కావలెను", "ఫలానివారికి వ్రాసి యిచ్చినట్టిదే మాకును కావలెను" అని యుత్తరములు వచ్చుచుండెను, ఆమె వ్రాయుచుండెను. పట్టణపు చిత్రకారులలో నొక యభిప్రాయము బలముగ పాతుకొని యున్నది: ఒకరు చెప్పగా చేయునది కూలిపని యనియు, తనంతట తాను చేయునది మాత్రమే కళ యనియు. ఈ యభిప్రాయము నిజమైనచో మోజెస్ మామ్మ జీవితమున సగమునకు పైగా కూలిపనిగా త్రోసివేయవలసి యుండును. ఆ పని నెవరును చేయలేదు. ఎందుచేత చేయలేకపోయిరో విచారించుట మన ప్రాంతముల చేతిపనుల మేలు కోరువారికి నిష్ప్రయోజనము కాదు.

ఆమె 1860 సెప్టెంబరు 7వ తేదీన న్యూయార్కు రాష్ట్రమున గ్రీనిచ్ అను నూరిలో పదిమంది బిడ్డలలో నొకతెగ పుట్టెను. తండ్రి రైతు, రంగులన్న ముచ్చటపడువాడు. ఒకప్పుడు జబ్బుపడి లేచి, కాగితము లంటించుటకు మారుగ నింటి గోడలమీదనే చిత్రములు వ్రాసెనట. పిల్లలకు తెల్ల కాగితములు కొని తెచ్చి యిచ్చుట అతనికి వేడుక. మిఠాయి తినినచో నిమిషములో నయిపోవును, కాగితమైనచో చాల సేపు వచ్చునని యాతని లెక్క. రంగులు లేనిచోట ఆ చిన్నది ద్రాక్షరసముతోను, పండ్ల రసములతోను తన బొమ్మలకు వన్నె పెట్టుచుండెను. ఆ ముచ్చట పండ్రెండవ యేటితో ముగిసెను. ఆ వయస్సుననే ఆమె పరుల యింట పనికత్తెగ కుదిరి, వంటయు కుట్టుపనియు చేయుచు పదునైదేండ్లు గడపెను. 1887లో థామస్ సామన్ మోజెస్ అను తోటి పనివానిని వివాహమాడి, ఉత్తర కరోలినాలో నౌకరీకని బయలుదేరిన యా దంపతులు త్రోవలో వర్జీనియా రాష్ట్రపు స్టాంటన్ వద్ద దిగి, అచ్చటి షెనాండొవా లోయలోనే కౌలు సేద్యమునకు కుదురుకొనిరి. మామ్మ వెన్న చిలికి యమ్మెను. బంగాళాదుంపలను పలుచని బిళ్లలుగ తరిగి వేయించి యమ్మెను. ఇంటికి వచ్చు రాబడిలో తన వంతు తానును తేవలెననుట ఆమె పట్టుదల. పదిమంది బిడ్డలు పుట్టిరి. అయిదుగురు పసితనముననే పోయిరి. 1905లో కుటుంబము ఈగిల్ బ్రిడ్జికి తిరిగి వచ్చునప్పటికి అయిదు చిన్న సమాధు లా లోయలో నిలిచిపోయినవి.

ఇంతకాలము చిత్రలేఖనము మాటయే లేదా యన్న, లేకపోలేదు. కాని యది యింటి పనులలో నొకటిగ నుండెనే గాని వేరు పేరు పెట్టుకొని కూర్చుండలేదు. 1918లో ముందుగదికి గోడకాగితము లంటించుచుండగా కాగితము చాలక పోయెను. చలిమంట గూటికి వేసవిలో అడ్డుపెట్టు పలక మిగిలిపోయినది. ఆమె యాలోచింపక దానిమీద చెట్లను, నీటిని చిత్రించి పని పూర్తిచేసెను. పెద్దయంత్రమున ఆమె వ్రాసిన తొలి చిత్ర మదియే యని చెప్పుదురు. తరువాత, బంధువుల యింటినుండి వచ్చిన యొక పాత బల్ల కోళ్లమీద పల్లెదృశ్యములను వ్రాసెను. కాలము గడచిన పిమ్మట నా బల్లయే ఆమె చిత్రములు వ్రాసికొను పీఠమైనది. గోడకాగితము చాలినచో నా పలకమీది చిత్రము పుట్టియుండెడిది కాదు. మన యిండ్లలో పగిలిన కుండకు రంగులు పూసి తులసిమొక్క నాటుటయు, చిరిగిన చీరలను బొంతలుగ కుట్టుటయు నీ జాతి పనియే. ధనుర్మాసమున ముంగిళ్లలో తెల్లవారకముందే వేసిన ముగ్గు, ప్రొద్దు నడినెత్తికి వచ్చులోపల కాళ్లక్రింద నలిగిపోవును. దాని వెల యెంతయని యెవరును అడుగలేదు, వేసిన యిల్లాలును చెప్పలేదు.

1927 జనవరిలో భర్త గుండెపోటుతో మరణించెను. సేద్యము కుమారుని చేతికి వచ్చినది. డెబ్బదియవ పడిలో ప్రవేశించుచున్న మామ్మకు పొలమున పని తగ్గినది గాని చేతులకు పనిలేక కూర్చుండుట ఆమె యెరుగదు. క్షయ వ్యాధిగ్రస్తయైన కుమార్తెకు సాయముగ వెర్మాంటులోని బెన్నింగ్టనుకు పోయి యున్నపుడు, ఆ కుమార్తె యొక యున్నిదారపు చిత్రమును చూపి యట్టిది కుట్టి పెట్టుమని కోరెను. మొదటి పురమాయింపు ఇదియే యనవచ్చును. ఆమె యొకటి కుట్టెను, తరువాత పెక్కు కుట్టెను. కొంతకాలమునకు కీళ్లవాతముచేత సూది పట్టుట కష్టమయ్యెను. సూదికన్న కుంచె తేలిక గదాయని చెల్లెలు సలహా చెప్పినది. ఆ సలహాలో కళను గూర్చిన ప్రస్తావన యొక్కటియు లేదు. వ్రేళ్ల నొప్పిని గూర్చినది మాత్రమే యున్నది. తరువాత చరిత్రకారులు దానికెన్ని యర్థములు చెప్పినను జరిగిన దింతే.

సమీపమున హూసిక్ ఫాల్స్ అను చిన్న పట్టణమున నొక మందుల దుకాణ ముండెను. ఊరి స్త్రీల చేతిపనులను విక్రయమునకై యచ్చట నుంచుచుండిరి. మామ్మ చిత్రములు కొన్ని యా దుకాణపు కిటికీలో దుమ్ముకొట్టుకొనుచు నిలిచి యుండెను. చిన్నదానికి మూడు డాలర్లు, పెద్దదానికి అయిదు. అంతకుముందొకమారు ఊరి సంతలో తాను పెట్టిన పండ్ల మురబ్బాలతోపాటు చిత్రములనుగూడ ప్రదర్శనమునకు పంపెను. మురబ్బాకు బహుమతి వచ్చినది, చిత్రములకు రాలేదు. దీనిని జ్ఞాపకము చేసికొని నవ్వుటయే గాని ఆమె యెన్నడును నొచ్చుకొనలేదు. మురబ్బా బాగుగ నుండెననుటలో నామెకు సందేహము లేదు.

1938లో ఆ త్రోవను పోవుచున్న లూయీ కాల్డర్ అను న్యూయార్కు నగరపు ఇంజనీరు ఆ కిటికీ యెదుట నిలిచెను. చిత్రములు సేకరించుట అతనికి వ్యసనము. దుకాణములో నున్నవాటి నన్నిటిని కొని, వ్రాసిన వారెవరని విచారించి యామె యింటికే పోయెను. ఆమె యింట లేదు. లోపల మరి పది చిత్రము లున్నవని కోడలు చెప్పి, మరునాడు రమ్మని పంపివైచెను. మామ్మ తిరిగి వచ్చి వెదకిచూడగా నున్నవి తొమ్మిదియే. కోడలి మాట పోనీయరాదు, కొనవచ్చిన వానిని నిరాశ చేయరాదు. ఒక పెద్ద చిత్రమును తీసి రెండు ముక్కలుగ కోసి, రెంటికిని చట్రములు బిగించి పది చేసెను. ఈ వృత్తాంతమును విని నగరములోని రసికులు గుండె బాదుకొనియుందురు. వ్రాసిన చిత్రమును కత్తితో కోయుటయా! కాని గుడ్డల వర్తకుడు తానులోనుండి గజము చించునపు డెవరును కన్నీరు కార్చరు. పది యన్నచోట పది యీయవలెననునది పల్లెటూరి నీతి; ఆ నీతిని ఆమె తన కుంచెకును వర్తింపజేసెను.

1939లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాలవా రజ్ఞాతులైన చిత్రకారుల కృతులతో నొక ప్రదర్శనము జరిపినపుడు మామ్మ చిత్రములు మూడు చోటుచేసికొనెను. మరుసటి యేట అక్టోబరులో ఆటో కాలిర్ అనునతడు తన చిత్రశాలలో నామె చిత్రములను మాత్రమే ప్రదర్శించెను. ఈ కాలిర్ వియన్నా నగరపువాడు. 1938లో నాజీలు ఆస్ట్రియా నాక్రమింపగా దేశము విడిచి వచ్చి న్యూయార్కులో చిత్రశాల పెట్టుకొన్నవాడు. స్వదేశమును పోగొట్టుకొన్న యొక పరదేశి కంటికే అమెరికా పల్లెటూరు అందముగ కనబడుట యాలోచింపదగినది. ప్రదర్శనమునకు "రైతు భార్య వ్రాసినవి" అను నర్థము వచ్చు పేరు పెట్టిరి. ఆ శరత్కాలముననే గింబెల్సు అను పెద్ద దుకాణమువా రామెను నగరమునకు పిలిపించి సభ చేయగా, ఆమె తన యింట కాల్చిన రొట్టెలను, మురబ్బా సీసాలను వెంట తీసికొని పోయెను. చిత్రములను గూర్చి వినవచ్చిన పట్టణపు స్త్రీలు మురబ్బా చేయు పద్ధతి విని యిండ్లకు పోయిరని ప్రతీతి.

ఇక నామె పనిచేయు పద్ధతి. దీనిని కొంచెము వివరముగ చెప్పుట యవసరము. ఆమె మొదట చట్రమును సంపాదించును. పాత యిండ్లలోని పనికిరాని చట్రము లామెకు ప్రీతి. తరువాత మేసనైటు అను అదిమిచేసిన కొయ్యపీచు పలకను ఆ చట్రమునకు సరిపోవునట్లు రంపముతో కోయించుకొనును. దానికి అవిసెనూనె పూసి, దానిపై తెల్లరంగు మూడు పూతలు పూసి యారనిచ్చును. ఆరిన పలకను బల్లమీద పరచి, దిండ్లు పేర్చిన పాత కుర్చీలో కూర్చుండి పైనుండి క్రిందికి వ్రాసికొని వచ్చును. మొదట ఆకాశము, తరువాత కొండలు, తరువాత చెట్లు, పొలములు, ఇండ్లు, పశువులు, కట్టకడపట మనుష్యులు. ఒక చిత్రముతో నాగదు. మూడు నాలుగు పలకలను ప్రక్కప్రక్కన పెట్టుకొని యొక రంగు కలిపినప్పుడే యన్నిటి యాకాశములను పూర్తిచేయును. రంగు వృథా కాదు, కుంచె మాటిమాటికి కడుగ బనిలేదు. నాలుగు రొట్టెల పిండి నొక్కమారే పిసుకు ఇల్లాలి పొదుపు ఇందులో కనబడుచున్నది. పత్రికలలోను, పండుగ కార్డులమీదను వచ్చిన బొమ్మలను కత్తిరించి దాచుకొని, ఒక గుఱ్ఱమునో, పరుగెత్తు పిల్లవానినో కావలసినచోట పలకపై నుంచి గీత గీసికొనుట కామె సిగ్గుపడలేదు. కాని దృశ్యము మాత్ర మామె జ్ఞాపకములోనిదే. కొండల మలుపు, ఏటి వంపు, మంచుమీద సాయంకాలమున పడు నీలినీడ, ఇవి యే కాగితపు ముక్కలోను దొరకునవి కావు.

మంచును వ్రాయుటలో నామె నేర్పు మరియొకరి కబ్బలేదు. హూసిక్ ఫాల్స్ పట్టణమును హేమంతమున చూపు 1944 నాటి చిత్రము వాషింగ్టనులోని ఫిలిప్సు చిత్రశాలలో నున్నది. తెలుపు ఒక్కటియే యనుకొనువారికి దానిలో నెన్ని తెలుపులున్నవో చూచినప్పుడు గాని తెలియదు. మంచుపై ఆమె మెరుపుపొడి చల్లుచుండెను. అది చిత్రకారుల మర్యాద కాదనియు, మానుమనియు కాలిర్ చెప్పిచూచెను. ఎండ కాయుచుండగా మంచు మెరయుట తాను కండ్లార చూచినదే యని యామె వినలేదు. చూచినది తానైనపుడు మర్యాద పుస్తకములతో తనకు పనియేమి?

ఇప్పుడు పురమాయింపుల సంగతి. ఆ ప్రాంతమున కేంబ్రిడ్జి యూరి దారిలో పూర్వ మొక సత్రము వంటి భవన ముండెడిది. గుఱ్ఱపుబండ్లు నడచు కాలమున నచ్చట గుఱ్ఱములను మార్చుచుండిరి. గోడలకు ఎరుపు తెలుపు గళ్లు వేసి యుండుటచే దానిని గళ్లయిల్లని పిలిచెడివారు. 1907లో నది కాలిపోయెను. మామ్మ దానిని జ్ఞాపకమునుండి వ్రాయగా చూచినవా రందరు తమకు నొకటి కావలెననిరి. ఆమె వ్రాసెను, మరల వ్రాసెను, పెక్కుమార్లు వ్రాసెను. అయినను ఒకదాని నకలు వేరొకటి కాదు. కిటికీ చట్రములోనుండి చూచుచున్నట్లు ఆ దృశ్యమును మనస్సున నుంచుకొని, కొంచె మిటు జరిగినచో నేమి కనబడును, కొంచె మటు జరిగినచో నేమి కనబడునని యూహించి, ఒకమారు వేసవి, ఒకమారు మంచు, ఒకమారు బండ్లు వచ్చుచున్నట్లు, ఒకమారు పోవుచున్నట్లు మార్చుచుండెను. అడిగినవానికి తా నడిగినది దొరకెను. ఆమెకును కొత్తగ చూచు నవకాశము దొరకెను.

ఎక్కువమంది కోరిన మరియొక దృశ్యము మేపుల్ చక్కెర వంటకము. ఇది మన బెల్లపు వంటను చూచినవారికి సులభముగ నర్థమగును. శీతకాలము చివర రాత్రులు గడ్డకట్టుచు పగళ్లు కరగుచున్న దినములలో మేపుల్ చెట్ల మ్రాకులకు గంట్లుపెట్టి కారిన తీపినీటిని బానలలో పట్టి, అడవిలోనే పెద్ద పెనములలో కాచుదురు. సుమారు నలువది పాళ్ల నీరు కాగిన నొక్క పాలు పాకమగును. మన గానుగ కాడవలెనే పిల్లలు చుట్టును చేరుదురు. వేడి పాకమును మంచుమీద పోసి గట్టిపడగనే తినుట వారి పండుగ. ఈ దృశ్యమును మామ్మ పలుమారులు వ్రాసెను. వాటిలో 1943లో వ్రాసిన దొకటి 2006లో వేలమున పదమూడు లక్షలకు మించిన డాలర్లు పలికినది. పూర్వము మందుల దుకాణపు కిటికీలో ఆమె చిత్రములు మూడు డాలర్ల చీటితో నున్నపుడు కొనక విడిచిపోయిన వా రెందరో!

ఈ చిత్రములను కోరినవా రెవరు? పల్లెలలోనే యుండి యా పనులు చేయువారు కాదు. పల్లెను విడిచి పట్టణములకు పోయినవారు, వారి బిడ్డలు. 1940 మొదలు యుద్ధము నడచిన కాలమున వారి సంఖ్య యధికమైనది. తాత యిల్లు అమ్ముడుపోయినది, తోట నరికివేయబడినది, పొలమున ట్రాక్టరు దిగినది. అటువంటివారు తమ ముఖముల చిత్తరువులను వ్రాయుమని అడుగలేదు. పోయిన యింటి చిత్తరువును అడిగిరి. ముఖచిత్తరువులు వ్రాయుట మామ్మకు పని కాదు. ఆమె చిత్రములలో మనుష్యులు వ్రేలెడేసి యుందురు; కన్నుముక్కులకు చుక్కలే గతి. కాని పొగ వచ్చు పొగగొట్టమును బట్టి యింటిలో వంట యగుచున్నదని తెలియును. ద్వారమున నిలిచిన యాడుదాని యాకారమును బట్టి యెవరికొరకో యెదురు చూచుచున్నదని తెలియును. పూర్వము మన జమీందారుల కచేరీలలో తలపాగాలతో, కత్తులతో నిలువెత్తు చిత్తరువులు వ్రేలాడుచుండెడివి. వాటిలో ముఖము స్పష్టముగ నుండును గాని యా మనుష్యుడేమి చేయుచు బ్రదికెనో తెలియదు. మామ్మ చిత్రములలో ముఖము తెలియదు, బ్రదుకు తెలియును. ఏది మేలైన చిత్తరువో పాఠకులే నిర్ణయించుకొందురు గాక.

ఈ జాతి పురమాయింపులలో పేరుపడినది ఐసెన్‌హోవర్ అధ్యక్షునిది. ఆయన పదవి స్వీకరించి మూడేండ్లు నిండు సందర్భమున నేదేని కానుక నీయదలచి, ఆయన మంత్రులు గెటిస్బర్గులో నున్న ఆయన పొలమును, ఇంటిని చిత్రించి యిమ్మని మామ్మను కోరిరి. ఆమెకు అప్పటికి తొంబదియైదేండ్లు. తెప్పించిన ఛాయాపటములను చూచి వ్రాసెను. 1956లో చిత్రము అధ్యక్షునికి ముట్టినది. ఆయన దేశాధిపతియే గాని ఆ చిత్రములో పొలము గల యొక గృహస్థు మాత్రమే. అంతకుముందు 1949లో వాషింగ్టనులో స్త్రీల జాతీయ పత్రికా సంఘమువా రామెకు సన్మానము చేసినపుడు ట్రూమన్ అధ్యక్షుడు తేనీటికి పిలిచి యామెకు పియానో వాయించి వినిపించెను. ఆ సన్మానములు ముగియగనే యూరికి తిరిగి వచ్చి పనిలో కూర్చుండెను. చిత్రములు వ్రాయకపోయినచో కోళ్లను పెంచియుందునని యామె పలుమారులు చెప్పినది వినయముకొరకు చెప్పినది కాదు. నిజముగనే పెంచియుండెడిది.

పురమాయింపులవలన నామె కళకు చెరుపు లేదని మేము చెప్పబోము. కొన్ని చిత్రములు తొందరలో వ్రాసినట్లు తెలిసిపోవును. చెట్లన్నియు నొక్క పోలికగ, పిల్లలందరు నొక్క పరుగుగ నుండును. 1946 మొదలు ఆమె చిత్రములు పండుగ కార్డులమీద అచ్చై దేశమంతట ప్రాకిన పిమ్మట, తెరలమీదను, పింగాణీ పళ్లెములమీదను గూడ కనబడసాగినవి. పేరును, చిత్రముల హక్కులను కాపాడుటకు 1950లో నొక సంస్థను రిజిస్టరు చేయవలసి వచ్చెను. ఒక మనిషి చేతిపని కార్ఖానా సరకగునప్పుడు కలుగు వెలితి యిందును కలిగినది. అయితే ఆ వెలితి అడిగి వ్రాయించుకొన్న గృహస్థులవలన కలిగినది కాదు. గృహస్థు ఒక్క చిత్రమునకు ఒక్క యుత్తరము వ్రాసెను. ఆమె యొక్క పలక కోసెను. లెక్క సరిపోయెను. అడిగినవా రెవరో తెలియని లక్షల కార్డుల వద్దనే యా లెక్క తప్పినది.

మరియొక యాక్షేపణము దీనికన్న బరువైనది. ఆమె పల్లెలో టెలిఫోను స్తంభము లేదు, ట్రాక్టరు లేదు. పోనిండు, అవి యామె బాల్యమున లేనివి. అప్పు లేదు, కౌలు బాకీ లేదు, పండ్రెండేండ్ల పనిపిల్ల లేదు, షెనాండొవా లోయలోని యైదు సమాధులు లేవు. ఇంత కష్టపడినది ఇంత సుఖమునే యేల వ్రాసెను? తీపి జ్ఞాపకములను పట్టణవాసులకు అమ్మినదని కొందరు విమర్శకు లామెను తక్కువచేసి మాటలాడిరి. ఇందు కొంత సత్యము కలదు. కొనువారు కోరినది తీపినే. కాని 1952లో ప్రకటింపబడిన యామె స్వీయచరిత్రమును చదివినవారికి ఆమె కష్టములను దాచలేదని తెలియును. బిడ్డల చావులను, పనికత్తె బ్రదుకును సాదా మాటలలో చెప్పి ముందుకు సాగినది. చెప్పవలసినది కలముతో చెప్పెను. కుంచెను వేరు పనికి నిలుపుకొనెను. మంచు కురియుచున్న సాయంకాలమున కిటికీ వద్ద కూర్చుండి, ఎనుబదియేండ్లు దాటిన స్త్రీ మరల సమాధులనే చూడవలెనని నిర్బంధించుటకు విమర్శకుల కధికార మెక్కడిది? అయినను ఆ చిత్రములను గోడకు తగిలించుకొన్నవారు స్వీయచరిత్రమునుగూడ చదివియుండిన బాగుండెడిది. పల్లెను విడిచిన వారికి పల్లె యెప్పుడును పండుగ దినముగనే జ్ఞాపకముండును. సంక్రాంతికి వచ్చి పోవు మన పట్టణవాసులకును నిది క్రొత్త సంగతి కాదు.

ఆమె వయస్సు పెరిగినకొలది పని చిన్నదగుట యటుండ, ఇల్లు చిన్నదైనది. సేద్యము చూచుచున్న కుమారుడు హ్యూ 1949లో మరణించెను. 1951లో మెట్లెక్కు బాధ లేకుండ నితర కుమారులు త్రోవ కావలిప్రక్క కట్టిన క్రొత్త యింటికి ఆమె మారెను. కుమార్తె విన్నోనా కనిపెట్టి యుండెను. చేతులు వణకినప్పుడు చిత్రములలో గీతలు వదులైనవి, రంగులు మాత్ర మింకను విచ్చుకొన్నవి. చివరి యేండ్ల చిత్రములలో కొండలు పొగమంచువలె నొకదానిలో నొకటి కలిసిపోవుచుండుటను మేము లోపముగ తలపలేము. 1960లో నూరేండ్లు నిండిన దినమును న్యూయార్కు గవర్నరు ఆమె పేర పండుగగ ప్రకటించెను.

1961 జూనులో నామె ముగించిన "ఇంద్రధనుస్సు" అను చిత్రమును కడపటిదిగ చెప్పుదురు. అది హేమంతము కాదు. ఎండకాలమున గడ్డి కోయుచున్న పొలము. ఆ సంవత్సరము డిసెంబరు 13వ తేదీన, హూసిక్ ఫాల్సులోని వైద్యశాలలో నామె మరణించెను. రంగులు చిందిన యా పాత బల్ల నేడు బెన్నింగ్టను ప్రదర్శనశాలలో నున్నది. దాని కోళ్లమీద ఆమె పూర్వము వ్రాసిన పల్లెదృశ్యములు చెదరలేదు.